వేపగింజల శీతకషాయము: పైరుల పురుగులపై దానిని వాడు పద్ధతి

1. ఈ కరపత్రము యొక్క ఉద్దేశము

మన పల్లెలలో వేపచెట్టు లేనిది అరుదు. ఉగాదినాడు దాని పూవును పచ్చడిలో వేసికొందుము. లేత పుల్లతో పండ్లు తోముకొందుము. ఆటలమ్మ పోసిన బిడ్డ ప్రక్కన దాని రెమ్మల నుంతుము. ధాన్యమునకు పురుగు పట్టకుండ గాదెలలో ఎండిన వేపాకు కలుపుట పెద్దలనాటి ఆచారము. ఇన్ని విధముల ఆ చెట్టును ఎరిగియు, పైరుల పురుగులకు మిక్కిలి పనికివచ్చు దాని గింజను మాత్రము పెక్కుచోట్ల చెట్టు క్రిందనే కుళ్లనిచ్చుచున్నాము. జ్యేష్ఠాషాఢములలో పండ్లు రాలి, వానకు తడిసి, మట్టిపాలగుచున్నవి. తరువాత రెండు మాసములకు అదే రైతు అంగడికి పోయి అప్పుమీద పురుగుమందు తెచ్చుకొనుచున్నాడు.

వేపగింజనుండి కషాయము తీయుట కష్టమైన పని కాదు. అయినను దానిని ఒకసారి చల్లి, మరునాడు చేనిలోనికి పోయి, పురుగులు చచ్చి పడియుండుట కానక, ఇది పనికిరాని మందని విడిచిపెట్టిన రైతులు చాలమంది కలరు. ఈ మందు పురుగుపై ఎట్లు పనిచేయునో ముందుగా తెలిసినచో ఎప్పుడు చల్లవలెనో, ఎట్లు చల్లవలెనో, ఫలితమును ఎట్లు చూడవలెనో తామే తెలియును. ఆ సంగతులను తెలుపుటకే ఈ కరపత్రము వ్రాయబడినది.

2. అంగడి మందులనే నమ్ముటవలన కలుగు నష్టము

1997–98 సంవత్సరమున వరంగల్లు జిల్లాలో ప్రత్తిపైరును లద్దెపురుగు పాడుచేసెను. రైతులు మందు వెనుక మందు కొట్టిరి. పురుగు లొంగలేదు, అప్పు మాత్రము పెరిగెను. ఆ యేట పెక్కుమంది రైతులు ప్రాణములు తీసికొనిరి. ఎన్నో కుటుంబములు దిక్కులేనివయ్యెను.

మందు కొట్టినను పురుగు ఏల లొంగలేదు? ఒకే తరగతి మందును మరల మరల కొట్టినప్పుడు, దానికి తాళలేని పురుగులు చచ్చును, తాళగలవి మిగులును. మిగిలినవి పిల్లలను పెట్టగా కొన్ని తరములకు చేనిలోని పురుగులన్నియు ఆ మందునకు తాళగలవే యగును. మరియు అట్టి మందు పైరును తిను పురుగునే గాక, ఆ పురుగును తిను సాలీళ్లను, అక్షింతల పురుగులను, కందిరీగలను గూడ చంపును. కాపలాదారులు చచ్చిన ఇంటిలో దొంగలకు అడ్డులేనట్లు, పిమ్మట పుట్టిన పురుగునకు శత్రువు లేకపోవును.

2021వ సంవత్సరమున మిరపతోటలకు క్రొత్తజాతి నల్లతామరపురుగు సోకినప్పుడు గూడ తెలంగాణములోను ఆంధ్రలోను రైతులు ఎన్నియో మందులు కొట్టి విసిగిరి. ఈ సంగతుల వలన అంగడి మందు ఎన్నడును వాడరాదని చెప్పుట లేదు. మొదటి పనిముట్టుగా దానిని పట్టరాదనియే చెప్పుచున్నాము.

3. వేపగింజ పురుగుపై పనిచేయు విధము

1959లో సూడాను దేశమున మిడుతల దండు పడి చెట్లన్నిటిని మోడులు చేయగా, వేపచెట్లు మాత్రము పచ్చగా నిలిచియుండుటను ష్ముట్టరర్ అను జర్మను శాస్త్రజ్ఞుడు చూచెను. 1962లో ఢిల్లీ ప్రాంతమునకు మిడుతలు వచ్చినప్పుడు, అచ్చటి భారతీయ వ్యవసాయ పరిశోధనాలయమువారు వేపపప్పును నూరి నీటిలో కలిపి పైరుపై చల్లిరి. అందలి పప్పు నూటికి 0.1 పాలు మాత్రమే. మిడుతలు ఆ పైరుపై వ్రాలెను గాని దానిని తినలేదు. 1968లో ఇంగ్లండు దేశపు శాస్త్రజ్ఞులు ఆ గింజలోని ముఖ్యమైన చేదుపదార్థమును వేరుచేసిరి. దానికి అజాడిరాక్టిన్ అని పేరు. ఆ పదార్థము ఎంత చిక్కనైన నిర్మాణము గలదనగా, దానిని పరిశోధనశాలలో మొదటినుండి కూర్చుట 2007వ సంవత్సరమున గాని సాధ్యపడలేదు. మన చెట్టు దానిని ఏటేట ఊరక తయారుచేయుచున్నది.

ఈ పదార్థము మూడు విధముల పనిచేయును.

మొదటిది: ఆకుపై నున్న చేదు వలన పురుగు మేత మానును.

రెండవది: తల్లిపురుగు కషాయము పడిన ఆకుపై గ్రుడ్లు పెట్టుటకు జంకును.

మూడవది: కొంత తినిన పిల్లపురుగునకు కుబుసము విడుచు శక్తి చెడును. పురుగు పెరుగవలెనన్న పాము వలెనే పలుమారులు కుబుసము విడువవలెను. అది కుదరనిచో పాత చర్మములోనే చిక్కి కొన్ని దినములకు చచ్చును.

దీనినిబట్టి రెండు సంగతులు గ్రహింపవలెను. చల్లిన మరునాడు చచ్చిన పురుగులు కానరావు. బ్రతికియున్నను అవి మేయకుండుటయే ఈ మందు పనిచేయుచున్న గురుతు. రెండవ సంగతి యేమనగా, చాల కుబుసములు విడువవలసిన చిన్నపురుగుపై ఇది బాగుగ పనిచేయును. ముదిరిన పురుగుపై అంతగా పనిచేయదు. అంగుళము పొడవెదిగిన లద్దెపురుగులు ఆకులనెల్ల జల్లెడ చేసినతరువాత వేపకషాయము చల్లుట పంట పోయిన పిమ్మట కంచె కట్టుట వంటిది.

4. గింజలను సేకరించుట, నిలువచేయుట

పండి పసుపువన్నె తిరిగిన పండ్లనే ఏరవలెను. పచ్చికాయలలో సారము తక్కువ. చెట్టు క్రింద ముందుగా ఊడ్చియుంచినచో మట్టి అంటదు. ఏరిన పండ్లను అదే దినమున గాని మరునాడు గాని నీటిలో పిసికి గుజ్జు తీసివేయవలెను. గుజ్జు నిలిచినచో గింజకు బూజు పట్టును. కడిగిన గింజలను నీడలో గాలి తగులునట్లు పరచి, గలగలలాడునంతవరకు ఆరబెట్టవలెను. మండుటెండలో పోయరాదు.

ఎండిన గింజలను గోనెసంచులలో గాని వెదురుబుట్టలలో గాని పోసి, తేమ తగులని చోట ఉంచవలెను. గాలి చొరని ప్లాస్టికు సంచులు పనికిరావు; వానిలో చెమ్మ పుట్టి గింజ బూజెక్కును. మూడు మాసములు నిలిచిన గింజ మంచిది; ఎనిమిది మాసములు దాటినదానిలో సారము తగ్గును. కావున ఏ యేటి గింజ ఆ యేటికే వాడవలెను. పప్పు చీల్చి చూచినప్పుడు నల్లబడినను, ముక్కవాసన వచ్చినను అట్టి గింజ పారవేయుడు.

ఎకరము పైరునకు ఒకసారి చల్లుటకు 10 కిలోల పప్పు కావలెను. గింజ బరువులో ఇంచుమించు సగము పెంకే యగుటచే, 20 కిలోల ఎండు గింజలు నిలువయుంచుకొన్నచో చాలును. మూడుసార్లు చల్లదలచినవారు 60 కిలోలు కూర్చుకొనవలెను. ఇంటిలోని పెద్దలును పిల్లలును పండ్లు రాలు కాలమున ప్రతిదినము కొంతసేపు ఏరినచో ఇది దొరకని వస్తువు కాదు.

5. కషాయము తీయు పద్ధతి

కషాయమనగానే కుండ పొయ్యిమీద పెట్టుట మన అలవాటు. ఈ పనికి అది తగదు. వేపగింజ సారము వేడికి చెడును. వైద్యశాస్త్రమున కషాయములు అయిదు విధములని చెప్పబడినది. వానిలో కాచి తీయునది ఒకటి, చల్లని నీటిలో రాత్రియంతయు నానవేసి తీయునది వేరొకటి. ఈ రెండవదానికే శీతకషాయమని పేరు. పైరునకు కావలసినది శీతకషాయమే.

100 లీటర్ల మందునకు కొలతలు ఇవి:

వేపపప్పు పొడి — 5 కిలోలు
నానవేయుటకు నీరు — 10 లీటర్లు
సబ్బు లేక సబ్బుపొడి — 200 గ్రాములు
తరువాత కలుపవలసిన నీరు — మొత్తము 100 లీటర్లగునంత

గింజలను రోటిలో మెల్లగా దంచి, చెరిగి, పెంకు తీసివేయవలెను. పప్పును పొడిగా దంచుడు. నూనె కారునంత మెత్తగా నూరవలదు. ఆ పొడిని పలుచని గుడ్డలో వదులుగా మూటకట్టి, సాయంకాలమున 10 లీటర్ల నీటిలో నానవేసి మూతపెట్టి ఉంచవలెను. మరునాడు ఆ మూటను అదే నీటిలో బాగుగ పిసుకవలెను. పాలవంటి తెల్లని నీరు దిగును. మరికొంత నీరు తీసికొని, మూటనుండి తెల్లదనము వచ్చునంతవరకు పిసుకుచు ఆ నీటిని గూడ మొదటిదానితో చేర్చవలెను. పిమ్మట గుడ్డతో వడకట్టి, వేరుగా కరగించిన సబ్బునీటిని కలిపి, మంచినీరు పోసి 100 లీటర్లు చేయవలెను. వడపోత సరిగా లేనిచో పిచికారి ముక్కు పూడుకొనిపోవును.

సబ్బు ఏల యన్నచో, మందు ఆకుపైనుండి జారిపోక పరచుకొని అంటుకొనుటకు. సబ్బునకు బదులు కుంకుడుకాయల రసము గూడ కలుపవచ్చును. పిప్పిని పారవేయక పెంటకుప్పలో గాని పాదులలో గాని వేయుడు. అది మంచి ఎరువు.

తీసిన కషాయమును ఆ దినమే వాడవలెను. నిలువయుంచినచో సారము పోవును. చవిటినీరు, సున్నము గల నీరు దీనికి తగవు. మైలుతుత్తము–సున్నము కలిసిన తెగులుమందుతో దీనిని కలుపరాదు. సున్నము వేపసారమును విరిచివేయును.

6. చల్లు సమయము, చల్లు తీరు

ఎండ వేపసారమునకు శత్రువు. ప్రొద్దుట చల్లిన మందు మధ్యాహ్నపుటెండలో చాలవరకు చెడిపోవును. కావున సాయంకాలము 4 గంటలకు తరువాత చల్లవలెను. పురుగులలో పెక్కు రాత్రివేళ మేయునవి గనుక ఆ సమయమే అన్నివిధముల మేలు. తేనెటీగల తిరుగుటయు అప్పటికి తగ్గియుండును.

ఈ మందు తగిలిన ఆకుపైననే దాని గుణము నిలుచును. పైపైన చల్లి పోయినచో ఆకు అడుగున నున్న పురుగు హాయిగా మేయుచుండును. పిచికారి ముక్కును క్రిందినుండి పైకి త్రిప్పి, ఆకు రెండు వైపుల తడియునట్లు చల్లుడు. ఎదిగిన పైరునకు ఎకరమునకు 200 లీటర్లు పట్టును. చల్లిన రాత్రి పెద్దవాన కురిసినచో మరల చల్లవలసియుండును.

దీని గుణము పైరుపై సుమారు వారము దినములకు మించి ఉండదు. మరియు కొత్తగా పుట్టిన చిగురుపై మందు లేదు. పురుగు ఉధృతి ఉన్నచో 7 మొదలు 10 దినములకు ఒకసారి చల్లవలెను.

7. ఏ పురుగులకు పనికివచ్చును, ఏ పురుగులకు పనికిరాదు

ఆముదపు చేనిలో దాసరిపురుగు పిల్లలు ఆకు గీకుటకు మొదలిడగనే చల్లినచో మంచి ఫలము కలుగును. వేరుసెనగ, మిరప, ప్రత్తి, పొగాకు నారుమళ్లలో లద్దెపురుగు గ్రుడ్లనుండి వెడలి ఇంకను గుంపుగా ఒకే ఆకుపై నుండగా చల్లవలెను. కందిలోను సెనగలోను పచ్చపురుగు కాయను తొలిచి లోపల చేరినతరువాత ఈ మందు చేరదు. కావున పూమొగ్గ తొడుగు వేళనే, తల్లి రెక్కపురుగు గ్రుడ్లు పెట్టకమునుపే చల్లవలెను.

పేనుబంక, పచ్చదోమ, తెల్లదోమ మొదలగు రసము పీల్చు పురుగులు తక్కువగా నున్నప్పుడు వానిని పెరుగనీయక అణచును. అవి చేనంతయు క్రమ్మినపిమ్మట దీనినే నమ్మికూర్చుండరాదు. మిరపలో నల్లతామరపురుగు విజృంభించినప్పుడు గూడ ఇదే మాట. కాండములోను కొమ్మలోను తొలిచియున్న పురుగులకు, నేలలో వేళ్లను కొరుకు పురుగులకు పైన చల్లిన కషాయము తగులదు గనుక వానిపై పనిచేయదు.

8. ఆకునే వాడుకొను పైరులు: తేయాకు తోటల ఉదాహరణము

అస్సాములోను, దార్జిలింగులోను, నీలగిరి కొండలమీదను తేయాకు పండించువారికి ఒక కష్టము కలదు. తేనీటిదోమ యను పురుగు లేత చిగుళ్లను పీల్చి నల్లబరచును; ఎర్రనల్లి ముదురాకులను రాగివన్నె చేయును. చిగురే అక్కడి పంట. ఆ చిగురును ఇంచుమించు వారమునకొకసారి గిల్లుదురు. గిల్లిన ఆకును కడుగరు. వాడ్చి, నలిపి, ఆరబెట్టుదురు. తరువాత దానిపై వేడినీరు పోసి మనము త్రాగుదుము. ఆకుపై నిలిచిన విషము గిన్నెలోనికి వచ్చుటకు నడుమ కడుగుట యనునది లేదు. అందుచేతనే తేయాకు కొను దేశములు మందు శేషమును కొలిచి, హద్దు మీరిన సరకును త్రిప్పిపంపుచున్నవి. అందుచేతనే తేయాకు పరిశోధకులు వేప, వావిలి మొదలగు ఓషధుల సారములను పరీక్షించుచున్నారు. వేపమందులు అచ్చటి తోటలలో వాడుకలో నున్నవి.

మన చేలలోని తోటకూర, పాలకూర, గోంగూర, కొత్తిమీర, కరివేపాకు ఈ విషయమున తేయాకు వంటివే. రెండు మూడు దినములకొకసారి కోయు వంకాయ, బెండకాయ, మిరపకాయలును అట్టివే. నిన్న మందు కొట్టి నేడు కోసిన కూర అంగడికి పోవును; అందులో కొంత మన ఇంటి పొయ్యిమీదకును వచ్చును. కావున పురుగుమందును తగ్గించుటకు మొదట యత్నింపవలసినది ఈ పైరులలోనే. వేపకషాయము చల్లినను కోసిన కూరలను మంచినీట కడిగి వాడవలెను, చేదు పోవును.

9. చెట్టునుండి వచ్చినదెల్ల హానిలేనిది కాదు

ఓషధి యన్నంత మాత్రమున భయములేదని తలచరాదు. పొగాకు కషాయము పేనుబంకను చంపుననుట నిజమే. కాని అందలి నికోటిన్ అను విషము చర్మముగుండ గూడ శరీరములోనికి పోయి మనుష్యుని చంపగలదు. నికోటిన్ సల్ఫేటు అను పురుగుమందును మన దేశమున వాడరాదని 1992లో ప్రభుత్వము నిషేధించినది. తినెడు పైరులపై పొగాకు కషాయము చల్లరాదు.

సీతాఫలపు గింజల పొడి పేలను చంపునని పల్లెలలో వాడుదురు. అది కంటిలో పడినచో కన్ను పుండై చూపునకు ముప్పు కలుగును. దానిని దంచువారు ముఖమునకు గుడ్డ, కన్నులకు అద్దములు పెట్టుకొనవలెను. పిల్లలను దరికి రానీయరాదు. కానుగగింజల సారము వేప వలెనే కొంత పనిచేయును గాని వేపకు సాటిరాదు.

వేపయును తగు జాగ్రత్తతోనే వాడదగినది. వేపనూనె పసిపిల్లలకు త్రాగించుటవలన ప్రాణాపాయములు కలిగినవి. ఆ పని చేయరాదు. మిగిలిన కషాయమును, పిచికారి కడిగిన నీటిని చెరువులలో పారబోయరాదు, చేపలకు హాని. లేత మొక్కలపై ఎక్కువ చిక్కనగా చల్లినచో ఆకు మాడును గనుక చెప్పిన కొలత మీరరాదు.

గింజ దొరకనివారు అంగడిలో దొరకు వేపమందును కొనవలసివచ్చినచో, సీసాపై అజాడిరాక్టిన్ ఎంత కలదో చూచి, 1968 నాటి పురుగుమందుల చట్టము క్రింద రిజిస్టరైనదియే కొనుడు. ఊరక వేపనూనె యని వ్రాసినదానిలో ఆ సారము ఎంత ఉండునో చెప్పలేము.

10. ఫలితమును చూచుకొను విధము

చేనిలో ఒక మూల నాలుగు సాళ్లు మందు చల్లక విడువుడు. చల్లుటకు ముందు చేనిలో అయిదు చోట్ల, చోటుకు నాలుగేసి మొక్కలు చూచి, పురుగులను లెక్కించి వ్రాసికొనుడు. చల్లిన మూడవనాడును, ఏడవనాడును మరల చూడుడు. చచ్చిన పురుగులను వెదకవలదు. కొత్తగా విచ్చిన ఆకులకు రంధ్రములు పడినవా, పురుగు పెరుగుచున్నదా, క్రొత్త గ్రుడ్లు కానవచ్చుచున్నవా అని చూచి, చల్లని సాళ్లతో పోల్చుడు. అక్షింతల పురుగులు, సాలీళ్లు నిలిచియుండుట శుభసూచకము. ఏడవనాటికి రెండు చోట్లను భేదము కానరానిచో గింజ పాతదో, సమయము మించినదో, అడుగు ఆకు తడియలేదో విచారించి, అప్పటికిని పురుగు హెచ్చుచున్నచో ఆలసింపక వ్యవసాయాధికారిని అడుగవలెను.

ఒక్క రైతు చల్లి, చుట్టుపట్లవారు ఊరకున్నచో పురుగు ఆ చేలనుండి మరల వచ్చును. ఊరందరు కలిసి చేసిన పనికి ఫలము హెచ్చు. నాటి ఖమ్మం జిల్లాలోని పునుకుల గ్రామస్థులు వేపగింజల కషాయము మొదలగు పద్ధతులను అందరు కూడి అవలంబించి, 2004 నాటికి తమ ఊరు పురుగుమందులు వాడని ఊరని పేరుపొందిరి.

11. జ్ఞాపకముంచుకొనవలసిన సంగతులు

పండ్లు రాలు కాలమున గింజ ఏరుడు, నీడలో ఎండబెట్టుడు, గోనెలో ఉంచుడు.

కాచరాదు, రాత్రి నానవేసి, ప్రొద్దుట పిసికి, వడకట్టి, ఆ సాయంకాలమే చల్లుడు.

పురుగు చిన్నదిగా నుండగా చల్లుడు. ఆకు అడుగు తడుపుడు.

చావును గాదు, మేత మానుటను చూడుడు.

వేపగింజ కొనవలసిన సరకు కాదు, ఏరవలసిన సరకు. ఈ ఆషాఢమున ఏరని గింజ రాబోవు కార్తీకమున కందిచేనికి దొరకదు.